అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు పెట్టలు: అనుమతి నుంచి గుడ్డు దాకా

పెరట్లో కోడి తన తిండిలో కొంత తానే ఏరుకుంటుంది. ఎండెక్కితే చెట్టు కిందికి పోతుంది. అది వేసిన రెట్టను మట్టి పీల్చుకుంటుంది. అయిదో అంతస్తు మీద శ్లాబుపై ఈ మూడూ ఉండవు. తిండి, నీడ, రెట్ట ఈ మూడింటి బాధ్యతా పెంచేవాళ్లదే. డాబా కోళ్లను చంపేది ఎక్కువగా మే నెల ఎండ, డాబా మీంచి దింపించేది ఎక్కువగా తడిసిన ఊక వాసన. అందుకే ఇక్కడ కోళ్లు కొనడం అయిదో మెట్టు. మొదటి నాలుగూ పూర్తికాకుండా పిల్లలను తెచ్చిపెట్టుకోవద్దు.

కొలతలన్నీ ఆరు పెట్టలకు ఇస్తున్నాం. ఆరింటికి రోజుకు 600 నుంచి 700 గ్రాముల పచ్చి రెట్ట వస్తుంది, ఒక ఇంటివాళ్లు పదిహేను నిమిషాల్లో శుభ్రం చేసుకోగలిగింది అంతే. మూడింటి కంటే తక్కువా వద్దు. కోడి గుంపులో బతికే పక్షి, ఒంటరిగా ఉంటే తిండి తగ్గించి బెదురుగా తయారవుతుంది.

1. ముందు ఇరుగుపొరుగు

1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పైకప్పు సాధారణంగా అందరి ఉమ్మడి ఆస్తి. పై అంతస్తు ఫ్లాటు మీదైనా డాబా మీది కాదు. అసోసియేషన్ సమావేశంలో విషయం పెట్టి తీర్మానం రాయించుకోండి. అందులో ఇవి ఉండాలి: ఆరుకు మించని పెట్టలు, పుంజు లేకపోవడం, గూడు ఉండే చోటు, రోజూ శుభ్రం చేసే పూచీ, వాసనపై ఫిర్యాదు వస్తే ఎన్ని రోజుల్లో సరిచేస్తారన్నది. నోటి మాటతో మొదలుపెట్టిన కోళ్లు కమిటీ మారగానే దిగిపోతాయి. మీ మున్సిపల్ వార్డు కార్యాలయంలో స్థానిక నిబంధన కూడా అడిగి తెలుసుకోండి.

పుంజు గురించి బేరమే లేదు. తెల్లవారుజామున నాలుగింటికి డాబా మీద కూసిన కూత నాలుగు భవనాల అవతలికి వినిపిస్తుంది. గుడ్డుకు పుంజు అక్కర్లేదు, పిల్లలు పొదిగించాలంటేనే కావాలి. గుడ్డు పెట్టిన పెట్ట కూడా కొంచెంసేపు అరుస్తుంది, కానీ అది పగలు, కాసేపు. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నొచ్చుకోరు.

2. శ్లాబు చూసుకోవడం

బరువు గురించి అందరూ భయపడతారు. మనుషులు తిరిగే డాబాకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం తట్టుకునేలా లెక్క వేస్తారు. ఆరు కోళ్లు 12 కిలోలు, గూడు 100, ఊక 25, గాలికి కదలకుండా పెట్టే బరువులు మరో 100. గూడు, తిరిగే చోటు కలిపి దాదాపు 8 చదరపు మీటర్ల మీద ఇదంతా పరుచుకుంటుంది కాబట్టి చదరపు మీటరుకు 30 కిలోల చిల్లర. నిజమైన బరువు మిద్దెతోటలో ఉంది: అడుగు లోతు తడిమట్టి చదరపు మీటరుకు 450 కిలోలు దాటుతుంది. కోళ్లతో పాటు మడులు కూడా వేయదలిస్తే ఇంజినీరుకు చూపించాలి. ఏదైనా సరే, గూడును శ్లాబు నట్టనడుమ కాకుండా బీము వరుస మీదికి వచ్చేలా పెట్టండి.

అసలు ప్రమాదం నీళ్లది. మూడు పనులు చేయండి.

శ్లాబుకు రంధ్రం చేయొద్దు. ఒక్క బోల్టు చాలు, కింది ఫ్లాటు పైకప్పులో చెమ్మ మరక రావడానికి. గూడు కాళ్లను 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్లలో నిలబెట్టి సగం దాకా కాంక్రీటు పోయండి. ఒక్కోటి 25 కిలోల దాకా బరువు తూగుతుంది. కోస్తాలో తుపాను గాలులకు ఇవి చాలవు, గూటిని నాలుగు మూలలా తాళ్లతో పిట్టగోడ స్తంభాలకు కట్టాలి.

వాననీటి గొట్టం మూతికి సన్నజాలీ బుట్ట బిగించండి. ఊక, ఈకలు చేరి ఒక్క వానకే గొట్టం పూడుకుపోతుంది. ఆ గొట్టం ఇంకుడు గుంతకో సంపుకో వెళ్తుంటే, కోళ్లున్న వైపు నీరు అందులోకి పోకుండా రెండంగుళాల సిమెంటు గట్టు కట్టించి వేరే దారి చూపించాలి. రెట్ట కడిగిన నీరు తాగునీటిలో కలిసే దారి ఏ రకంగానూ ఉండకూడదు. ఇది కుదరకపోతే కోళ్ల ఆలోచన మానుకోవాలి.

నీళ్ల ట్యాంకుకు కనీసం పదడుగుల దూరం పాటించండి. ట్యాంకు మూత బిగుతుగా ఉందో లేదో ఆ రోజే చూడండి, ఎగిరే ఈక ఎక్కడికైనా చేరుతుంది.

3. నీడ

నీడను గూటి కంటే ముందు నిలబెట్టండి. శ్లాబు పగలంతా మింగిన వేడిని రాత్రంతా వదులుతుంది, అందువల్ల డాబా మీది కోడికి రాత్రి కూడా ఊరట దొరకదు. పెరటి కోడికీ డాబా కోడికీ ఉన్న పెద్ద తేడా ఇదే.

గూడు, తిరిగే చోటు, వాటి చుట్టూ మరో రెండడుగులు శ్లాబుకు తెల్ల సున్నం రెండు పూతలు వేయండి. ఏటా ఫిబ్రవరిలో మళ్లీ వేయాలి. పైన 75 శాతం ఎండను ఆపే షేడ్ నెట్ ఒకటి ఏడెనిమిది అడుగుల ఎత్తున, గూటి కప్పుకు అడుగు పైన ఇంకొకటి. రెండింటి మధ్య గాలి ఆడటమే అసలు ఉపాయం. ఒకే నెట్‌ను కప్పుకు ఆనించి కడితే లాభం సగం కూడా ఉండదు.

నెట్ కింద జాలీ తప్పనిసరి. గద్ద పట్టపగలే కోడిపిల్లను ఎత్తుకుపోతుంది, కాకులు గుడ్లను పొడుస్తాయి, పావురాలు దాణా తిని పేలనూ రోగాలనూ వదిలి వెళ్తాయి. సంక్రాంతికి తెగిపడిన మాంజా దారం కాలికి చుట్టుకుంటే కోడి కాలు పోతుంది, అందుకే ఆ వారం రోజూ ఉదయమే చూసి ఏరేయాలి.

4. గూడు

నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గూడు, అంటే ఒక్కో పెట్టకు 4 చదరపు అడుగులు. దానికి ఆనుకుని 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవుతో జాలీ వేసిన తిరిగే చోటు. పెరటి కోళ్లకు ఇంతకంటే చిన్న గూడు సరిపోతుంది, ఎందుకంటే అవి పగలంతా బయటే ఉంటాయి. డాబా మీద ఇరుకు చేస్తే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి, రక్తం కనబడితే ఇక ఆగవు.

పొడవు తూర్పు పడమరలుగా పెట్టండి, ఎండ నేరుగా లోపలికి దూరదు. శ్లాబుకు అడుగు ఎత్తున చెక్క నేల ఉండాలి. వాన నీరు, గాలి రెండూ దాని కింద నుంచి పోతాయి, మీరూ చీపురు పెట్టి ఊడవగలరు. చెక్క మీద మందపాటి టార్పాలిన్ పరిచి అంచులను నాలుగంగుళాలు పైకి మడవండి, ఊక బయటికి రాలదు.

గోడలకు కింది అడుగున్నర పలక, పైన అంతా జాలీ. ఇక్కడ చాలామంది పొరపడతారు. షాపులో 'కోళ్ల జాలీ' అని ఇచ్చే తేనెపట్టు కన్నుల జాలీ కోడిని లోపల ఉంచుతుందే గానీ ఎలుకను బయట ఆపలేదు. ఎలుక రాత్రి దూరి దాణా తింటుంది, గుడ్లు దొర్లించుకుపోతుంది, చిన్నపిల్లలను కొరుకుతుంది. అర అంగుళం కన్నుల వెల్డెడ్ మెష్ కొనండి. తలుపుకు మామూలు గడియతో పాటు చిన్న కొక్కెం కూడా పెట్టండి, కోతులు తిరిగే కాలనీల్లో అయితే తాళం.

కప్పుకు సిమెంటు రేకు మీద సున్నం, లోపలి వైపు వెదురు తడిక. ఉత్త ఇనుప రేకు వద్దు, మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. తాటాకు కప్పు చల్లనిదే, కానీ దీపావళి రాకెట్లు చివరికి వచ్చి పడేది డాబాల మీదే. కింద ఊక, పైన తాటాకు ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రెండు రాత్రులు గూటి పక్కన రెండు బకెట్ల నీళ్లు ఉంచుకోవాలి, గూటి కప్పు ఏదైనా సరే.

లోపల: రెండంగుళాల వెడల్పు, మొనలు గుండ్రంగా చెక్కిన కర్ర, అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తున. ఒక్కో పెట్టకు 9 అంగుళాల చొప్పున నాలుగున్నర అడుగుల కర్ర కావాలి. సన్న పైపు పెడితే జారి పాదాల కింద పుండ్లు పడతాయి. అడుగు చదరం, అడుగు ఎత్తు ఉన్న గుడ్ల పెట్టెలు రెండు, చీకటి మూలన, పడుకునే కర్ర కంటే తక్కువ ఎత్తులో. పెట్టె ఎత్తుగా ఉంటే కోళ్లు రాత్రి అందులోనే పడుకుని రెట్ట వేస్తాయి. తిరిగే చోట రెండడుగుల తొట్టిలో ఆరంగుళాల ఇసుక, అందులో రెండు డబ్బాల కట్టెల బూడిద. కోడి అందులో పొర్లి పేలు వదిలించుకుంటుంది. మట్టి లేని డాబా మీద ఈ తొట్టి ఒక అవసరం.

5. ఏ కోళ్లు, ఏ వయసులో

గుడ్ల కోసమే అయితే గ్రామప్రియ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన రకం. 72 వారాల వయసు వచ్చేసరికి 160 నుంచి 180 గోధుమరంగు గుడ్లు పెడుతుంది, పొదగడానికి సాధారణంగా కూర్చోదు. అదే సంస్థ వనరాజా మాంసానికీ గుడ్డుకూ పనికొస్తుంది, కానీ బరువైనది, గుడ్లు 100 నుంచి 110. బరువైన కోడి డాబా ఎండకు ముందు పడిపోతుంది. నాటు కోడి ఎండకు గట్టిది, రుచి సరే సరి, అయితే డజనుకు పైగా గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, పైగా పిట్టగోడ అవలీలగా ఎక్కుతుంది. ఎరువుల షాపు ముందు బుట్టల్లో అమ్మే రంగు వేసిన పిల్లలను కొనొద్దు. అవి ఎక్కువగా లేయర్ (గుడ్ల కోళ్ల) హేచరీలు వద్దనుకున్న పుంజు పిల్లలు.

ఆరు గ్రామప్రియలు రోజుకు సగటున మూడు గుడ్లు ఇస్తాయి. రోజుకు ఆరు గుడ్లు ఆశించేవారికి నిరాశే.

రోజు వయసు పిల్లలకు మొదటివారం 35 డిగ్రీల వెచ్చదనం ఇవ్వాలి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. టీకాలు వరుసగా వేయించాలి, పైగా ఆ పిల్లల్లో సగం పుంజులు తేలతాయి. మొదటిసారి పెంచేవారు 8 నుంచి 10 వారాల టీకాలు పూర్తయిన పెట్టలనే కొనడం మంచిదని మా గట్టి అభిప్రాయం. ఖరీదు ఎక్కువైనా, డాబా మీద పిల్లలకు వెచ్చదనమిచ్చే బ్రూడరు నడిపే బాధ, పుంజులను వదిలించుకునే బాధ రెండూ తప్పుతాయి. అన్నింటినీ ఒకేచోట, ఒకే రోజు కొనండి. వేర్వేరు చోట్ల కొని కలిపితే రోగాలు కూడా కలుస్తాయి.

తెచ్చిన వారంలో ఒక్క రెక్కకే మొదటి పది పొడవాటి ఈకలను సగానికి కత్తిరించండి. రెండు రెక్కలూ కత్తిరిస్తే తూకం కుదిరి మళ్లీ ఎగురుతుంది. ఈక కాడలో నల్లగా రక్తం కనిపిస్తే అది ఇంకా ఎదుగుతున్న ఈక, ముట్టుకోవద్దు. ఈకలు రాలి కొత్తవి వచ్చాక మళ్లీ కత్తిరించాలి.

6. దాణా, నీళ్లు

ఒక పెట్టకు రోజుకు 110 గ్రాముల దాణా. ఆరింటికి నెలకు 20 కిలోలు. 50 కిలోల బస్తా చవకే, కానీ వానాకాలంలో రెండున్నర నెలలు నిల్వ ఉంటే బూజు పట్టి, ఆ విషం కాలేయాన్ని తింటుంది. నెలకు సరిపడా కొని మూత ఉన్న డ్రమ్ములో, ఎండ తగలని మెట్ల గదిలో ఉంచండి. ముక్కవాసన వచ్చినా, గడ్డ కట్టినా పారేయండి.

గుడ్డుకొచ్చేదాకా గ్రోయర్ (ఎదిగే కోళ్ల) దాణా. తర్వాత లేయర్ దాణా, ఇందులో మాంసకృత్తులు 16 నుంచి 17 శాతం, కాల్షియం మూడున్నర నుంచి 4 శాతం. గుడ్డుకు రాని పెట్టకు లేయర్ దాణా పెడితే ఆ కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మిగిలిన అన్నంతో, నూకలతో సరిపెట్టేవాళ్ల కోళ్లు కొవ్వెక్కి గుడ్లు మానేస్తాయి. వంటింటి మిగుళ్లు కోడికి రోజుకు ఒక చిన్న గుప్పెడే, అదీ సాయంత్రం. పచ్చళ్లు, ఉప్పు కూరలు, పచ్చి బంగాళదుంప తొక్కలు, చాక్లెట్ వద్దు. మునగాకు, తోటకూర, పాలకూర కాడలు కట్టగట్టి జాలీకి వేలాడదీస్తే తింటాయి, ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా తగ్గుతుంది. షెల్ గ్రిట్ (నలిపిన గవ్వల ముక్కలు) విడిగా చిన్న గిన్నెలో ఎప్పుడూ ఉండాలి.

నీళ్లు మామూలు రోజుల్లో కోడికి పావు లీటరు, ఎండల్లో అర లీటరు. డాబా మీది గొట్టంలో మధ్యాహ్నం వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, కోడి వాటిని ముట్టదు. కోడి ముక్కుతో పొడిస్తే నీటి చుక్క వచ్చే నిపుల్ గొట్టం పెడితే అదీ నీడలోనే ఉండాలి. మంచిది మట్టి కుండ. పాత్రను కోడి వీపు ఎత్తున ఇటుకల మీద పెట్టండి, ఊక పడదు, నీళ్లు చిందవు.

7. ఊక, రెట్ట, ఈగలు

నేల మీద వరి ఊక నాలుగంగుళాలు, ఎండాకాలంలో రెండు. రోజూ ఉదయం పడుకునే కర్ర కింద రెట్టను తీసేయండి. రాత్రి రెట్టంతా అక్కడే పడుతుంది కాబట్టి కర్ర కింద ఒక పలక పెట్టి, ఉదయం గీకేస్తే పని సగమవుతుంది. వారానికి రెండుసార్లు ఊకను పారతో తిరగేయండి.

పిడికిట ఊక తీసుకుని గట్టిగా నొక్కండి. చెయ్యి తెరవగానే విడిపోతే బాగుంది. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువ: ఆ ముద్దలను తీసేసి, పొడి ఊకతో పాటు గుప్పెడు పొడి సున్నం కలపండి. కోళ్ల ఎత్తుకు వంగి వాసన చూడండి. మీ కళ్లు మండితే వాటి కళ్లు, ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతింటున్నట్టు.

వేసవిలో ఈగ గుడ్డు వారం పది రోజుల్లో ఈగ అవుతుంది. మూడు రోజులకు మించి తడి రెట్ట ఒకచోట నిలవకుండా చూస్తే ఈగలు పుట్టవు. తీసిన రెట్టకు రెండింతలు ఎండుటాకులు కలిపి మూతున్న, అడుగున రంధ్రాలున్న డ్రమ్ములో వేయండి. డ్రమ్ము కింద ట్రే ఉండాలి. రెండు మూడు నెలలకు కుండీలకు మంచి ఎరువు. పచ్చి కోడిపెంటను నేరుగా మొక్కలకు వేస్తే వేళ్లు మాడిపోతాయి.

8. మే నెల

35 డిగ్రీలు దాటితే కోడి రొప్పుతుంది, రెక్కలు ఒంటికి దూరంగా పెడుతుంది. 40 దాటి గాలి లేకపోతే గంటల్లో చస్తుంది. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా ఈ క్రమం తప్పొద్దు:

- తెల్లవారుజామున 5 గంటలకు దాణా, 10కి తీసేయాలి, సాయంత్రం 5కి మళ్లీ. జీర్ణమయ్యేటప్పుడు ఒళ్లు వేడెక్కుతుంది, నడిమధ్యాహ్నం కడుపు ఖాళీగా ఉండటమే మేలు.
- 11 నుంచి 4 దాకా పడమటి వైపు తడి గోనెలు. పూర్తిగా మూసేయొద్దు, గాలి రావాలి. విజయవాడ, విశాఖల్లాంటి ఉక్క ఊళ్లలో తడి గోనె కంటే చిన్న ఫ్యాను ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ తడి ఆరదు.
- మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు మార్చాలి. వారానికి మూడు రోజులు ఓఆర్‌ఎస్ కలపాలి.

కోడి కూలబడితే నీడలోకి తెచ్చి కాళ్లను, పొట్ట అడుగును చల్లని నీళ్లలో ముంచండి. ఐసు నీళ్లు వద్దు. ఎండాకాలంలో గుడ్డు పెంకు పలచబడటం కాల్షియం లోపం వల్లే కాదు. రొప్పడంలో రక్తంలోని కార్బన్ డయాక్సైడు పోయి పెంకు సరిగా కట్టదు. ఆ రోజుల్లో గ్రిట్ పెంచడం కంటే నీడ పెంచండి.

9. టీకాలు, జబ్బులు

పిల్లల నుంచి పెంచితే: 5 నుంచి 7 రోజులకు కొక్కెర (రాణిఖెత్) తెగులుకు లసోటా టీకా కంటి చుక్క, 14వ రోజు గంబోరో జబ్బు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరో వారం కోళ్ల మశూచి, ఎనిమిదో వారం తర్వాత కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ టీకా సూది. సీసాలో వంద డోసులకు తక్కువ ఉండదు, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లకు సీసా కొనడం కంటే ప్రభుత్వ పశువైద్యశాలలో టీకా రోజు అడిగి గంపలో తీసుకెళ్లండి.

మెడ మెలితిరగడం, ఆకుపచ్చ రెట్ట, ఒక్కసారిగా మరణాలు కొక్కెర లక్షణాలు. రెట్టలో రక్తం కనిపిస్తే రక్తపారుడు, తడి ఊకలో పెరిగే సూక్ష్మజీవులు కారణం. మందు డాక్టరు ఇస్తారు, ఊక మార్చడం మీ పని. గూటి చీలికల్లో పగలు దాక్కుని రాత్రి రక్తం తాగే గోమార్లను టార్చి వేసి చూడండి. చీలికలకు సున్నం, వేపనూనె పూయండి. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు డాక్టరు చెప్పిన మోతాదులో వేసి, ఆయన చెప్పినన్ని రోజులు గుడ్లు తినకండి.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. చుట్టుపక్కల అలాంటి వార్త వస్తే కోళ్లను జాలీ బయటికి వదలొద్దు, కోళ్ల మార్కెట్‌కు వెళ్లిన చెప్పులతో డాబా ఎక్కొద్దు. డాబా పనికి ఎప్పుడూ ఒక జత చెప్పులు విడిగా ఉండాలి. ఒకే రోజు రెండు మూడు కోళ్లు చనిపోయి, తల వాచి తురాయి నీలంగా మారితే చేత్తో ముట్టకుండా పశువైద్యశాలకు లేదా 1962కు ఫోన్ చేయండి. చనిపోయినదాన్ని కోసి చూడటం, చెత్తకుండీలో వేయడం రెండూ తప్పే.

10. గుడ్లు, ఆ తర్వాత

అయిదున్నర నెలలకు పెట్టలు గుడ్డుకొస్తాయి. తురాయి ఎర్రబడటం, చెయ్యి ఆనించగానే కిందికి వంగడం గుర్తులు. అప్పుడు పెట్టెలో తెల్ల గోలీ ఒకటి లేదా ప్లాస్టిక్ గుడ్డు ఉంచితే చోటు నేర్చుకుంటాయి. రోజుకు రెండుసార్లు ఏరండి. పగిలిన గుడ్డు రుచి చూసిన పెట్ట ఆ అలవాటు మానడం కష్టం. గుడ్లను కడగకుండా, పొడిగుడ్డతో తుడిచి, సన్నని కొన కిందికి ఉండేలా దాచండి.

ఏడాదిన్నర దాటాక పెట్ట ఈకలు రాల్చి రెండు మూడు నెలలు గుడ్లు ఆపేస్తుంది, జబ్బు అనుకోవద్దు. రెండో ఏడు గుడ్లు తగ్గుతాయి. ముసలి పెట్టలను ఏం చేస్తారో కొనకముందే ఇంట్లో మాట్లాడుకోండి, ముఖ్యంగా పిల్లలు పేర్లు పెట్టి పిలిచే ఇళ్లలో. కొత్తవాటిని పాతవాటి మధ్యలో విడవొద్దు. మొత్తం ఖాళీ అయ్యాక ఊకంతా తీసి, పలకలు గీకి, సబ్బునీళ్లతో కడిగి, ఎండనిచ్చి, సున్నం వేసి, పదిహేను రోజులు గూడును ఖాళీగా ఎండలో వదిలేసి, ఆ తర్వాతే మళ్లీ ఊక పరవండి.